ఆయిలు కారుటకు గల మూలకారణము

దిబ్బలపేట పశువైద్యశాల వారి మోటారుసైకిలు ఒక్క నెల ముందుగా ఆయిలు కార్చి ఉంటే ఈ కథే లేదు. జోగి మేస్త్రి కొట్టు దగ్గర ఆపి, టీ తాగి, బాగుచేయించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. కాని బళ్ళకు ముహూర్తాలు తెలియవు కదా. శాఖలో మూలకారణ అన్వేషణ ఉద్యమం మొదలైన వారంలోనే అది క్లచ్ దగ్గర కారడం మొదలుపెట్టింది.

ఆ బండి మీద తిరిగేవాడు తవిటినాయుడు. పశువైద్య సహాయకుడు. మనిషి నెమ్మది, చెయ్యి ఇంకా నెమ్మది. సూది గుచ్చినట్టు ఎద్దుకు తెలిసేలోపు పని కానిచ్చేస్తాడని చుట్టుపక్కల పేరు. మండలంలో కింద ఊళ్ళన్నిటికీ గొంతువాపు టీకాలు వేసేశాడు. మిగిలింది కొండమీద ఎగువ సంపంగివలస ఒక్కటే. తొలకరి పడకముందే అక్కడ టీకాలు అయిపోవాలి. వానలు పడి, కొత్త గడ్డి మేసి, నీరు మారాక ఆ జబ్బు తగులుకుందంటే, సాయంత్రం గురక మొదలైన ఎద్దు తెల్లారి లేవదు. ఫ్రిజ్‌లో మందు ఉంది, ఐసు పెట్టె సిద్ధంగా ఉంది, ఆకాశంలో ఇంకా మబ్బు లేదు. లేనిదల్లా బండి.

జోగి మేస్త్రి కింద కూర్చుని, ఇంజను పక్కన గుడ్డతో తుడిచి చూశాడు. క్లచ్ తీగ లాగితే కదిలే చిన్న ఇనుప చెయ్యి ఒకటి ఇంజను కవరులోకి దూరుతుంది. అది దూరే చోట ఆయిలు బయటికి రాకుండా ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. దాన్నే సీలు అంటారు.

“సీలు ఎండిపోనాది నాయుడుగారూ,” అన్నాడు జోగి. “సూడండి, గోరు దిగట్నేదు. పాతది పీకీసి, గాడి సుబ్బరంగా తుడిసీసి, కొత్తది కొట్టీడమే. ఓ అరగంట కూకోండి.”

తవిటినాయుడు కూర్చోబోయి లేచాడు. అతనికి సర్క్యులరు గుర్తొచ్చింది.

శాఖాధిపతి ఎక్కడో పైదేశంలో కార్ల ఫ్యాక్టరీ చూసి వచ్చారు. అక్కడ ఏ యంత్రం ఆగినా కారణమేమిటని ‘ఎందుకు, ఎందుకు’ అంటూ ఐదుసార్లు అడుగుతారట. ఐదోసారికి అసలు మూలం దొరుకుతుందట. అడిగిన తర్వాత యంత్రాన్ని బాగుచేస్తారన్న ముక్క మాత్రం ఆయన చూడలేకపోయారు. అప్పటికే విహారయాత్ర బస్సు కదిలిపోయింది. ఆయన తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది: “ఇకపై ఏ లోపమునైనను ‘ఎందుకు’ అని ఐదు పర్యాయములు ప్రశ్నించి మూలకారణము నిర్ధారించనిదే సరిచేయరాదు. లోపమును తొందరపడి సరిచేయుట మూలకారణమును దాచిపెట్టుటతో సమానము.”

ఉత్తర్వు ఉత్తుత్తిది కాదు. జిల్లా ఆఫీసులో టైపిస్టు కామేశ్వరి, తన నెత్తిమీద మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటుతో వేగలేక ఇంటినుంచి స్టార్టరు తెచ్చి తనే తిప్పి బిగించింది. లైటు వెలిగింది. ఆ వెలుగులోనే ఆమె మెమో చదువుకుంది. సాక్ష్యమును ధ్వంసము చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. స్టార్టరు పీకి పాతది పెట్టారు. ఇప్పుడామె కళ్ళజోడు పెట్టుకుని మిణుకు మధ్య టైపు చేస్తోంది.

“తర్వాత వస్తాను జోగీ,” అని తవిటినాయుడు బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

మూలాన్వేషణ సభ జిల్లా ఆఫీసు మేడమీద జరిగింది. అధ్యక్షులు ఉపసంచాలకులు డాక్టర్ సదాశివమూర్తిగారు. ఒకప్పుడు మంచి పశువైద్యులే, పదోన్నతులతో ఆ బలహీనత పోయింది. ఆయన పక్కన సలహాదారు నిరుపమ. రాజధాని నుంచి వచ్చింది. పశువులను దగ్గరగా చూడకపోవడం వల్ల తనకు నిష్పాక్షిక దృష్టి ఉందని మొదటే చెప్పింది. గోడకు తెల్లబోర్డు, దాని మీద ఐదు గళ్ళు.

ఐదో గడిలోకి ఏది రాకూడదో ముందుగానే ఒక అవగాహన ఉంది. సిబ్బంది రాకూడదు, సంఘాలు ఒప్పుకోవు. నిధులు రాకూడదు, ఆర్థికశాఖ ఒప్పుకోదు. పై అధికారులు రాకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కలగలేదు.

“సహాయకులవారూ, ఆయిలు ఎందుకు కారుచున్నది?” అని సదాశివమూర్తిగారు ప్రారంభించారు.

“సీలు గట్టిపడిపోయిందండి.”

మొదటి గడి నిండింది. “సీలు ఎందుకు గట్టిపడినది?”

“పాతదైపోయిందండి.”

సభలో ఎవరో దగ్గారు. నిరుపమ చిరునవ్వు నవ్వింది. “పాతదంటే ఎందుకు మార్చలేదని వస్తుంది. మార్చలేదంటే సామాను రాలేదంటారు. సామాను రాలేదంటే నిధులంటారు. ఆ దారి మూసి ఉంది. మరో జవాబు ఆలోచించండి. మీరు చెప్పగలరు.”

తవిటినాయుడు ఆలోచించాడు. “ఇంజను వేడెక్కిపోతుందండి.”

“శభాష్! ఎందుకు వేడెక్కుతుంది?”

“కొండెక్కేటప్పుడు క్లచ్ సగం పట్టుకునే నడపాలండి.”

“ఎందుకు సగం పట్టుకోవాలి?”

“దారి నిట్టనిలువుగా ఉంటుందండి.”

“ఎందుకు నిట్టనిలువుగా ఉంటుంది?”

“కొండ గదండీ!” అన్నాడు తవిటినాయుడు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

నిరుపమ ఐదో గడిలో ‘కొండ’ అని రాసి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒక క్లచ్ లోపల అంత పెద్ద కొండ దాగి ఉందని ఆ పూట దాకా ఎవరికీ తెలియదు.

“మరి సీలు మార్పించుకోమంటారాండి?” అని తవిటినాయుడు అడిగాడు. “వానలొచ్చేస్తాయండి. కొండమీద టీకాలు—”

సదాశివమూర్తిగారు దయగా చూశారు. “చూడు నాయుడూ, సీలు అనేది లక్షణం. కొండ అనేది వ్యాధి. నువ్వు వైద్యశాఖలో ఉన్నావు. వ్యాధిని వదిలేసి లక్షణానికి చికిత్స చేస్తావా?”

ఆ మాట అబద్ధమని తవిటినాయుడు అనలేకపోయాడు. అదే వచ్చిన చిక్కు. ఆ సభల్లో ఏ ఒక్క మాటా అబద్ధంగా ఉండదు.

కొండ విషయం సంబంధిత శాఖలకు రాశారు. అటవీశాఖ, కొండ తమదేననీ, తమ అనుమతి లేకుండా దాని ఎత్తు తగ్గించడం శిక్షార్హమనీ జవాబిచ్చింది. రోడ్లశాఖ, ఆ దారి తమ జాబితాలో లేదనీ, లేని దారి నిట్టనిలువుగా ఉండే అవకాశం లేదనీ రాసింది. రెవెన్యూ వారు అందరికంటే శ్రద్ధ తీసుకున్నారు. కొండ శాఖలు ఏర్పడక పూర్వం నుంచీ అదే స్థలంలో నివసిస్తున్నందున దాన్ని ఆక్రమణగా పరిగణించలేమని విచారం వెలిబుచ్చారు.

ఈలోగా బండి సాక్ష్యం అయింది. పశువైద్యశాల వరండాలో దాన్ని నిలబెట్టి చుట్టూ సుద్దతో గీత గీశారు. కింద ఒక పళ్ళెం పెట్టారు, కారినంత మేర తెలియడానికి. గీత దాటి ఎవరూ లోపలికి రాకుండా ఒక అటెండరును కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పక్క జిల్లాల నుంచి అధికారులు చూడటానికి వచ్చేవారు. ఒక్కొక్క చుక్కా సీలు దగ్గర ఊరి, కవరు అంచున వేలాడి, పళ్ళెంలో పడేది. చూసి “ఆహా” అనేవారు.

వచ్చినవాళ్ళకు వివరించడానికి మనిషి కావాలి గనక తవిటినాయుడిని ‘మూలాన్వేషణ మిత్ర’గా నియమించారు. ఒక బిళ్ళ ఇచ్చారు, చొక్కాకు పెట్టుకోవాలి. చేతికి ఒక బెత్తం ఇచ్చారు, చూపించడానికి. మొదట్లో అతనికి సిగ్గుగా ఉండేది. తర్వాత్తర్వాత, నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది. పేడలో నిలబడి ఎద్దు తోక పట్టుకునే పనిలో ఎవరూ అతని మాట అంత శ్రద్ధగా వినలేదు. ఇతర ఆఫీసులకు కూడా పిలిచేవారు. హైస్కూలు కప్పు నిరుడు కారిందంటే వెళ్ళి, ఐదు ప్రశ్నలతో మూలకారణం వానలేనని తేల్చి శాలువా కప్పించుకుని వచ్చాడు. ఇంట్లో భార్య కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతి అతని దగ్గర ఎత్తడం మానేసింది. ఎత్తితే అతను ఎందుకని అడుగుతాడు.

సంత రోజున సుక్కమ్మ కొండ దిగి వచ్చింది. ఎగువ సంపంగివలసలో బిడ్డిక వారి ముసలామె. మొగుడు పోయాక, దూడలప్పటి నుంచీ తనే గంజి పోసి పెంచుకున్న ఎడ్లజత ఉంది ఆమెకు. నల్లదాని పేరు కర్రోడు, ఎర్రదాని పేరు పుల్లోడు. ఆ రెండూ ఉంటే పొలం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

“సూదులెప్పుడేస్తావు బావూ?” అని అడిగింది. “మబ్బు దిగిపోతంది.”

“వచ్చే వారం మామ్మా. కారణం తేలిపోయింది, పరిష్కారమే మిగిలింది.”

“కారణమేటి?”

“కొండ.”

సుక్కమ్మ వెనక్కి తిరిగి కొండను చూసింది. “అదేటి సేసింది, పాపం?” అంది.

తర్వాతి సంతకు వచ్చి మళ్ళీ అడిగింది. మళ్ళీ వచ్చే వారమన్నాడు. జోగి మేస్త్రి కూడా ఎదురైనప్పుడల్లా, “ఆ సీలు టౌన్నుంచి తెప్పించి ఉంచేను నాయుడుగారూ, బండి తెండి,” అనేవాడు. తవిటినాయుడు అతన్ని కొంచెం జాలిగా చూసేవాడు. మూలాలు తెలియని మనిషి.

కొండ కదలదని తేలాక రెండో సభ జరిగింది. ఆరో ‘ఎందుకు’ అడగడానికి నిబంధనలు ఒప్పుకోవు గనక, మళ్ళీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.

“కొండ ఎందుకు ఎక్కుచున్నారు?” అన్నారు సదాశివమూర్తిగారు.

“పైన ఊరుందండి.”

“ఊరుంటే ఎందుకు ఎక్కాలి?”

“ఊళ్ళో పశువులున్నాయండి.”

నిరుపమ బోర్డు పెన్ను పైకెత్తి పట్టుకుంది. “ఆగండి. కొండ మన పరిధిలో లేదు. ఊరు మన పరిధిలో లేదు. పశువులు మన పరిధిలో ఉన్నాయి!”

సభ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. అంతకుముందు అన్ని శాఖలూ చేతులెత్తేసిన చోట తమ శాఖ ఒక్కటే ఏదైనా చేయగలదని తెలిసినప్పుడు అధికారులకు కలిగే ఉత్సాహం వేరు. అరగంటలో తీర్మానం తయారైంది. ఎగువ సంపంగివలసను ‘పశురహిత గ్రామము’గా ప్రకటించాలి. పశువులు లేవు గనక టీకాలు అక్కర్లేదు. టీకాలు అక్కర్లేదు గనక కొండ ఎక్కనక్కర్లేదు. ఎక్కనక్కర్లేదు గనక క్లచ్ సగం పట్టుకోనక్కర్లేదు. ఇంజను వేడెక్కదు, సీలు గట్టిపడదు, ఆయిలు కారదు.

“అయ్యా, కాని అక్కడ పశువులున్నాయండి,” అన్నాడు తవిటినాయుడు.

“ఎందుకున్నాయి?” అంది నిరుపమ.

“పెంచుకుంటున్నారు గనకండి.”

“అంటే అది ప్రజల వ్యక్తిగత అలవాటు. మనం ప్రకటించేది శాఖ వైఖరి. రెండూ వేరు.”

“చచ్చిపోతాయండి,” అన్నాడు తవిటినాయుడు.

సదాశివమూర్తిగారు లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. “పశురహిత గ్రామంలో పశువులు చావలేవు నాయుడూ. చూడు, ఎంత మానవీయమైన పరిష్కారమో!” ఆ చెయ్యి బిళ్ళ మీద కూడా కొంచెం ఆనింది. “ఈ కృషిలో నీ పేరు పైదాకా వెళ్తోంది.”

అనవలసింది చాలా ఉందని తవిటినాయుడికి తెలుసు. ఆ రాత్రి అన్నం సహించలేదు. అయినా మర్నాడు పొద్దున్నే బిళ్ళ పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళాడు.

తీర్మానం అమలైన కొద్దిరోజులకు బండి ఆయిలు కారడం ఆగిపోయింది.

అటెండరు మొదట గమనించాడు. పళ్ళెం తుడిచి పెట్టాడు, మర్నాటికీ పొడిగానే ఉంది. కబురందగానే సదాశివమూర్తిగారు, నిరుపమ కారులో వచ్చారు. ఆయన స్వయంగా వంగి, క్లచ్ దగ్గర వేలితో తాకి, వేలు అందరికీ చూపించారు. పొడి వేలు. ఫోటో తీశారు. బండి లోపల ఒక్క చుక్క ఆయిలు కూడా మిగల్లేదు గనక కారడానికి ఏమీ లేదన్న సంగతి తవిటినాయుడికీ తెలుసు, అటెండరుకీ తెలుసు. అటెండరు తవిటినాయుడి మొహం చూశాడు. తవిటినాయుడు పళ్ళెం చూశాడు.

తిరిగి కారే ప్రమాదం రాకుండా, బండిలో ఆయిలు పోయరాదని అదే సాయంత్రం ఉత్తర్వు వచ్చింది.

విజయోత్సవం పశువైద్యశాల ఆవరణలోనే పెట్టారు. షామియానా వేశారు. బండికి బంతిపూల దండ వేశారు. మైకులో సదాశివమూర్తిగారు, ఒక్క సీలు కూడా మార్చకుండా ఆయిలు కారడాన్ని అరికట్టిన తొలి జిల్లాగా చరిత్రలో నిలిచిపోతామని చెబుతున్నారు. షామియానా మీద వాన పడుతోంది. తొలకరి అప్పటికి పది రోజులుగా పడుతోంది. తవిటినాయుడి భుజాల మీద శాలువా ఉంది. అతను వానను చూస్తూ కూర్చున్నాడు.

సుక్కమ్మ వానలో తడుస్తూ వచ్చి షామియానా అంచున నిలబడింది. చేతిలో పలుపు తాడు ఉంది. తాడు చివర ఏమీ లేదు.

“కర్రోడు పోనాడు బావూ,” అంది, మైకును గాని సభను గాని పట్టించుకోకుండా, తవిటినాయుడిని చూసి.

తవిటినాయుడు లేవబోయాడు. సదాశివమూర్తిగారు చెయ్యెత్తి ఆపారు. ఆయనకు కోపం రాలేదు. పద్ధతిని జనం ముందు ప్రయోగించి చూపే అవకాశం వచ్చిందని సంతోషమే కలిగింది. మైకు ముసలామె వైపు తిప్పించారు.

“అమ్మా, భయపడకు. శాస్త్రీయంగా చూద్దాం. ఎద్దు ఎందుకు చనిపోయింది?”

“గొంతు వాసిపోనాది. రేతిరంతా గురక. తెల్లారేసరికి నేదు.”

“గొంతు ఎందుకు వాచింది?”

“సూది పడనేదు.”

“సూది ఎందుకు పడలేదు?”

“ఈ నాయుడుబావు రానేదు.”

నిరుపమ గబగబా వంగి చెవిలో ఏదో చెప్పింది. సిబ్బంది మాట రాకూడదు కదా. సదాశివమూర్తిగారు తల ఊపి, మృదువుగా ముందుకు నడిపారు. “ఆయన ఎందుకు రాలేదు?”

“బండి పాడైపోనాదట,” అంటూ సుక్కమ్మ పూలదండ వేసి ఉన్న బండిని పలుపుతో చూపించింది. “అందులో రబ్బరు ముక్క ఎండిపోనాదట. సంతలో మేస్త్రి సెప్పేడు.”

“భేష్! నాలుగు అయినవి. చూశారా, చదువు లేకపోయినా పద్ధతి ఎంత సులువో!” అని సదాశివమూర్తిగారు సభ వైపు తిరిగి, మళ్ళీ ఆమె వైపు తిరిగారు. “ఇక చివరిది. ఆ రబ్బరు ముక్క ఎందుకు మార్చలేదు?”

సుక్కమ్మ ఆయన మొహంలోకి చూసింది.

“అదడగడానికే కొండ దిగొచ్చేను బావూ,” అంది. “ఎందుకు మార్సనేదు?”

మైకులో ఆ మాట ఆవరణంతా వినబడింది. సదాశివమూర్తిగారు నిరుపమ వైపు చూశారు. నిరుపమ కాగితాలు తిరగేసింది.

“ప్రశ్నను జవాబుగా స్వీకరించడానికి నిబంధనల్లో వీలు లేదు సార్,” అంది చివరకు.

సదాశివమూర్తిగారి ఊపిరి తేలికపడింది. “విన్నావా అమ్మా? నాలుగే అయినందున అన్వేషణ అసంపూర్ణం. పైగా మీది పశురహిత గ్రామం. కనుక ఎద్దు చనిపోయిందనడం సాంకేతికంగా—”

“పుల్లోడింకా ఉన్నాడు,” అంది సుక్కమ్మ. “మిగతావోళ్ళ గొడ్లూ ఉన్నాయి. ఆటికైనా సూదులెయ్యండి. సాల్లే, మిగిలింది తరవాత సూసుకుందుం.”

తవిటినాయుడు లేచాడు. శాలువా కుర్చీ మీద పెట్టాడు. ఎవరో వెనక నుంచి పిలిచారు. అతను ఆస్పత్రి గదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ తీసి, మందు ఐసు పెట్టెలోకి సర్ది, సిరంజిలు సంచిలో వేసుకుని, పెట్టె భుజానికి తగిలించుకుని బయటికి వచ్చాడు.

“పద మామ్మా,” అన్నాడు.

“బండి?” అంది ఆమె.

“నడిచే వెళ్దాం.”

బండి లేకపోయినా కాళ్ళున్నాయని ఇన్నాళ్ళూ అతనికి తట్టలేదు. తట్టకపోవడమేమిటి, తట్టనివ్వలేదు. కొండ ఎందుకు నిట్టనిలువుగా ఉందో బెత్తం పట్టుకుని అందరికీ చెప్పాడు గాని, ఆ కొండ కింద నిలబడి ఒక్క అడుగు పైకి వేయలేదు. జిల్లా అంతా అతన్ని మెచ్చుకుంటుంటే పైన ఒక ఎద్దు రాత్రంతా గురక పెట్టి చచ్చిపోయింది. సుక్కమ్మ అతన్ని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

దారంతా బురద. ముసలామె ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. ఒకచోట అతను జారి పడబోతే ఆమె వెనక్కి తిరిగి పలుపు తాడు అందించింది. అది పట్టుకుని పైకి వచ్చాడు. ఊళ్ళో కళ్ళాల దగ్గర దోమలకని పొగ వేసి ఉంది. అప్పటికే నాలుగైదు గొడ్లు మేత మానేసి ఉన్నాయి. వాటికి చెయ్యగలిగిన వైద్యం చేశాడు. మిగతావాటికి ఒక్కొక్కదానికి సూది వేసుకుంటూ పోయాడు. పుల్లోడు కాడి పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. సూది పడ్డాక తల ఒకసారి విదిలించి, మళ్ళీ ఖాళీగా ఉన్న రెండో గుంజ వైపు చూశాడు. తవిటినాయుడు దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

కిందికి దిగిన రోజున, వరండాలో సుద్దగీత దాటి, దండ తీసి, బండిని తోసుకుంటూ జోగి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. అటెండరు కుర్చీలోంచి లేచి అడ్డం రాబోయాడు. ఏమనుకున్నాడో, వెనక నుంచి ఒక చెయ్యి వేసి తోశాడు. జోగి పాత సీలు పీకి పారేశాడు. గాడి తుడిచి, కొత్తదాని అంచుకు కాస్త ఆయిలు రాసి, వంకరపోకుండా చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాడు. ఇంజనులో ఆయిలు పోసి స్టార్టు చేసి, చేత్తో తడిమి చూశాడు.

“అయిపోనాది,” అన్నాడు. “ఇన్నాళ్ళూ ఏటి సేసేరండీ?”

తవిటినాయుడు డబ్బు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాడు.

మెమో మర్నాడే వచ్చింది. సంజాయిషీ మామూలుగా రాస్తే చెల్లదు, పద్ధతి ప్రకారం ఐదు గళ్ళలో రాయాలి. మొదటి రెండు ప్రశ్నలు నిరుపమ ముందే అచ్చు వేయించి పంపింది. మిగతావి అతని జవాబులను బట్టి అడుగుతారట.

మొదటిది: “పశురహిత గ్రామమునకు టీకాలు ఎందుకు తీసుకుని వెళ్ళితిరి?”

తవిటినాయుడు బండి సీటు మీద కాగితం పెట్టి రాశాడు: “అక్కడ పశువులున్నాయి గనక.”

రెండోది: “పశురహిత గ్రామమున పశువులు ఎందుకు ఉన్నవి?”

అతను దీనికీ జవాబు రాసి, సంతకం పెట్టి, బిళ్ళ కూడా ఆ కాగితానికే గుచ్చి అటెండరు చేతికిచ్చాడు.

“అన్నీ ఇంకా చావలేదు గనక.”